పదో గోరు

ఎర్రరంగు సీసా మెట్ల మీంచి గిరగిరా తిరుగుతూ వచ్చి నా రోటికి తగిలి భళ్ళుమంది.

అప్పుడే పచ్చి బొప్పాయి తురుము వేసి రోకలి ఎత్తాను. జానెడు ఇటు పడి ఉంటే ఆ పూట పచ్చడికి మిరపకాయలు అక్కర్లేకపోయేది.

"ఎవరు పూశారు?"

సీసా వెనకే తనూ దిగింది బువాలై, నా మేనల్లుడు ప్రయూన్ పెళ్ళాం. తెల్లవారుజామున మొదటి బస్సుకి పెద్దాసుపత్రికి వెళ్ళిన మనిషి, మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు మీంచి నడిచొచ్చి, చెప్పులైనా విడవకుండా పైకెళ్ళి ఆ సీసా వెతికి తీసింది.

"ఏం పూశారమ్మా? ఎవరికి?" అన్నాను. తెలియక కాదు. కోపంగా ఉన్న మనిషి చేత నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడిస్తే ఆవిరి పోతుందని నా లెక్క.

"మీరు ఊరుకోండి మావయ్యా. నేనడిగేది ఆవిణ్ణి."

ఆవిడంటే నా చెల్లెలు చన్‌పెంగ్. ప్రయూన్ తల్లి. స్తంభాల మీద లేపిన ఇంటి కింద నీడలో చాప వేసుకుని పట్టునూలు చుట్టుకుంటోంది. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా దారం చిక్కుపడనివ్వని చెయ్యి దానిది. కోడలి వైపు చూడనైనా చూడలేదు.

"రంగు సీసాలు ఊరికే రావడం లేదు. ఊళ్ళో ఉన్నవి మూడే మిగిలాయి," అంది.

"అత్తమ్మా, రాత్రి మా గదిలోకి ఎప్పుడొచ్చారు?"

"నేనెందుకొస్తాను? చీకటి పడకముందే మా ఇంటికెళ్ళిపోయాను. మీ మావయ్యే సాక్షి."

"మరి ఆ వేలికి రంగెలా వచ్చింది?"

ఈ మాటకి చన్‌పెంగ్ చేతిలో దారం ఆగింది.

"నిద్ర పరీక్ష పెట్టె తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చాను," అంది బువాలై. "రాత్రి ఛాతీకి పటకా కట్టి, ముక్కు కింద గొట్టం పెట్టి, వేలికి ఆ క్లిప్పు తగిలించి పడుకోబెట్టానా? పొద్దున వాళ్ళు దాన్ని కంప్యూటర్‌కి తగిలించి చూశారు. వేలి దగ్గర ఏమీ లేదు. రాత్రి పొడుగునా సున్నా. 'క్లిప్పు పెట్టిన గోటికి రంగుందామ్మా?' అనడిగింది నర్సు. లేదన్నాను. ఆ వేలు నా చేత్తో తుడిచాను, ఒట్టు, అన్నాను. ఆ పిల్ల క్లిప్పు తెరిచి నా కళ్ళ ముందు పెట్టింది. లోపల రబ్బరుకి ఎర్రగా అంటుకుని ఉంది. అంటే క్లిప్పు పెట్టేటప్పటికి రంగు ఇంకా తడిగా ఉంది!"

నేను రోకలి కింద పెట్టాను.

సంగతేమిటంటే, పై ఊళ్ళో పదిహేను రోజుల్లో ఇద్దరు మగాళ్ళు నిద్రలో పోయారు. ఆ కబురొచ్చిన సాయంత్రానికల్లా మా ఊరి గేట్లన్నిటికీ ఎర్రచొక్కాలు వేలాడాయి. 'ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు' అని పలకలు రాసి కట్టారు. మగాళ్ళందరి గోళ్ళకీ ఎర్రరంగు. విధవ దెయ్యం వచ్చి చూసి, ఆడవాళ్ళే పడుకున్నారనుకుని దాటిపోవాలని. డెబ్భై ఆరేళ్ళ నాకూ పూసింది మా చెల్లెలు. మూడు పళ్ళు మిగిలిన నన్ను చూసి ఆడదనుకునే దెయ్యం ఉంటే ముందు దాని కళ్ళకి వైద్యం చేయించాలి.

ప్రయూన్‌కి మాత్రం ఒప్పందం మీద పూసింది. ఆసుపత్రివాళ్ళ క్లిప్పు గోటిలోంచి దీపం వేసి రక్తంలో గాలి ఎంతుందో చూస్తుందట. కాబట్టి కుడిచేతి చూపుడువేలు కోడలిది, మిగతా తొమ్మిదీ అత్తవి. ఆ ఒప్పందానికి పెద్దమనిషిని నేనే. దేశాల మధ్య సరిహద్దు గీసినా అంత గొడవ జరగదు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అన్నాను.

"నాలుగు నెలలకి."

"నాలుగు..."

"నాలుగు నెలలు మావయ్యా! ఉన్నవి రెండు పెట్టెలు, జనం అంతమంది. ఛాతీ పటకా చూసి, ఊపిరి ఆగుతున్నట్టే ఉందన్నారు. కానీ ఆగినప్పుడల్లా రక్తంలో గాలి ఎంత పడిపోతోందో తెలియందే డాక్టరు కాగితం మీద సంతకం పెట్టడు. కాగితం లేందే గాలి ఊదే మిషను ఇవ్వరు. సోమవారం బడి తెరుస్తారు. ఊరిపెద్దకి ఏం చూపించాలి? ఈ ఎర్ర రబ్బరా?"

సోమవారం పేరెత్తగానే నా చెయ్యి నడుం మీదికి పోయింది. ప్రయూన్ బడికి తోలే వ్యాన్ బండి తాళం అక్కడే కట్టుకున్నాను. పది రోజుల క్రితం పదకొండుమంది బడిపిల్లలున్న బండిని ప్రయూన్ తిన్నగా కర్రపెండలం తోటలోకి తోలాడు. తోలడమేంటి, బండే పోయింది, వీడు పడుకున్నాడు. పిల్లలకి దెబ్బలు తగల్లేదు. భలే ఉంది మళ్ళీ వెళ్దాం అన్నాడట ఒకడు. ఆ రోజే బువాలై తాళం లాక్కుని నాకిచ్చింది. డాక్టరు కాగితం తెస్తేనే మళ్ళీ బండి అన్నాడు ఊరిపెద్ద.

"నేను పూయలేదు," అంది చన్‌పెంగ్. "పూయాల్సింది. నీ మాట విని ఒక్క వేలు వదిలేశాను చూడు, అదీ నా తప్పు. ఒక్క వేలు చాలదటే దానికి లోపలికి రావడానికి?"

"ఎవరికి?"

"నీకు తెలియదూ?"

"లేదు, చెప్పండి. పేరు పెట్టి చెప్పండి."

"ముక్కుకి గొట్టం పెట్టి రాత్రంతా గాలి కొడతారట. వాడేమన్నా సైకిల్ ట్యూబా? గురక పెట్టని మగాడెవడే ఈ ఊళ్ళో? గురక ఉందంటే మనిషి ఉన్నాడని."

బువాలై నవ్వింది. అలాంటి నవ్వు కన్నా తిట్టడమే నయం. అక్కడ బల్ల మీద పొద్దుటి చెరుకురసం ప్లాస్టిక్ సంచీ ఉంది, రబ్బరుబ్యాండు కట్టి, గొట్టం గుచ్చినది. ఆ గొట్టం ఊడబీకి, నోట పెట్టుకుని, కింది కొస వేలితో మూసి బలంగా పీల్చింది. మెత్తటి గొట్టం చప్పున అణిగి రెండు గోడలూ అంటుకుపోయాయి.

"ఇదీ మీ అబ్బాయి గొంతు. నిద్రలో కండలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, దారి మూసుకుపోతుంది. పొట్ట లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. ఇరవై లెక్కపెట్టండి, ముప్పై లెక్కపెట్టండి, పోదు. అప్పుడు మెదడు భయపడి మనిషిని కుదిపి లేపుతుంది. ఖర్రుమని ఒక ఊపిరి. మళ్ళీ నిద్ర. మళ్ళీ మూత. గంటకి ముప్పైసార్లయినా ఉంటుందని డాక్టరు అంచనా. తను లేచినట్టు తనకే తెలియదు. పొద్దున తలపోటు, పగలంతా కునుకు, రక్తపోటు, గుండె మీద భారం. ఆ మిషను చేసే పనల్లా అటునుంచి మెల్లగా ఊదుతూ గొట్టం మూతపడకుండా చూడడం. అంతే అత్తమ్మా. దెయ్యాలూ లేవు, సైకిల్ ట్యూబులూ లేవు."

"అంతేనా? ఇంకేం చెప్పాడు నీ డాక్టరు?"

"వెల్లకిలా కాకుండా పక్కకి పడుకోమన్నాడు. సాయంత్రం సారా మానమన్నాడు. పొట్ట తగ్గించమన్నాడు. నేను అదే చెబితే, మొగుడి నోటి దగ్గర ముద్ద లాక్కుంటున్నానని రోడ్డంతా చెప్పొచ్చారు మీరు."

"లాక్కోలేదూ?"

"ఆయనకి పగలంతా అలసట. అలసట పోవడానికి తింటాడు, తాగుతాడు. అందుకే ఇంకా మూసుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

చన్‌పెంగ్ లేచి నిలబడింది. నూలుండ ఒళ్ళోంచి జారి రంగు మడుగులోకి దొర్లింది. పట్టించుకోలేదు. దారం పాడవుతుంటే మా చెల్లెలు పట్టించుకోకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"మొదటి మొగుడికీ ఇలాగే చెప్పావా?" అంది. "సుథిన్‌కి? వాడూ నీ పక్కనే పడుకున్నాడు. వాడూ పొద్దున లేవలేదు. పై ఊరికి ఎవత్తో వచ్చిందని ఎర్రచొక్కాలు కడుతున్నారు గానీ, మా ఇంట్లో అయితే పెళ్ళి చేసి మరీ తెచ్చుకున్నాం."

బువాలై చేతిలో గొట్టం ఉంది. దాన్ని మడిచింది, మళ్ళీ మడిచింది, ఇంక మడతపడనంత చిన్నది చేసింది.

ఆ నిశ్శబ్దం నాకు పడదు. ఎవరూ మాట్లాడకపోతే ఏదో ఒకటి చెప్పి నవ్వించడం నా రోగం. ఆ రోగంతోనే నోరు తెరిచాను.

"గురకంటే మా నాన్నదేనమ్మా," అన్నాను. "మూన్ నదికి ఇవతల ఆయన గురక పెడితే అవతల గేదెలు తాళ్ళు తెంపుకునేవి. ఒకసారి జంట పడవలు..."

"మావయ్యా."

"...పడవలవాళ్ళు వరదొస్తోందనుకుని గుడిసెలు ఖాళీ చేశారు. అసలు తమాషా ఏమిటంటే మధ్యలో టక్కున ఆగేది. అంతే, చుట్టాలు పందాలు కాసేవారు. పది లెక్కపెట్టేలోపు వస్తుందా, ఇరవై దాటుతుందా..."

అలవాటు చొప్పున చెయ్యెత్తాను. ఆ కథలో అక్కడ ఆగుతాను నేను. కళ్ళు పెద్దవి చేసి వేళ్ళు మడుస్తాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. అప్పుడు 'ఖర్ర్' మంటాను. పొర్లిపొర్లి నవ్వుతారు. నలభై ఏళ్ళ నుంచి ఊళ్ళో ఏ పెళ్ళికైనా నన్ను పిలిచి ఈ కథే చెప్పమంటారు.

"ఆయన ఎన్నో ఏట పోయారు?" అంది బువాలై.

"ఎవరు?"

"మీ నాన్నగారు."

"యాభై మూడు."

"ఎలా పోయారు?"

నేను చెయ్యి దించాను.

"చెప్పండి. నిద్రలోనేగా? ఎవత్తో పట్టుకుపోయిందని చెప్పుకున్నారుగా? మీరు చెయ్యెత్తి ఆగుతారే, పిల్లలు నవ్వుతారే, ఆ ఆగడమే జబ్బు మావయ్యా! మనిషి చస్తూ బతుకుతూ ఉంటే పక్కన కూర్చుని పందాలు కాశారు. మీరు నలభై ఏళ్ళుగా దాన్ని పెళ్ళిళ్ళలో ఆడిస్తున్నారు!"

నేను రోకలి అందుకుని మళ్ళీ కింద పెట్టాను.

"పోనీ సుథిన్ సంగతి," అంది అత్త వైపు తిరిగి. "ఆయన దేనితో పోయాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. గుండె లయ తప్పే జబ్బొకటి మన వైపు మగాళ్ళకి ఉంటుందట, అది వేరట. అడిగానండీ. మీరంతా నన్ను చూసి పక్కకి తప్పుకుంటుంటే, నేనే వెళ్ళి అడిగాను, నేను చంపానా అని. ఒక్కరైనా అడిగారా మీరు? రంగు పూశారు. ఒప్పుకోండి, పూశానని ఒప్పుకోండి!"

"పూయలేదంటున్నానా!"

"మరి దెయ్యం పూసిందా?"

"ఏయ్, ప్రయూన్!" అని కేకేసింది చన్‌పెంగ్. "ఇటు రా. చూపించు చేతులు."

అప్పటిదాకా మావాణ్ణి అందరం మరిచిపోయాం. రెండు స్తంభాల మధ్య కట్టిన ఊయలలో ఉన్నాడు. ఇంత రభస జరుగుతుంటే కదలకుండా పడుకున్నాడంటే నిద్రలో ఉన్నాడనుకున్నాను. నలభై నాలుగేళ్ళ మనిషి, ఎద్దు మెడ. చేతులు రెండూ తువ్వాలు కింద దాచుకున్నాడు. నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఎందుకమ్మా ఇప్పుడు," అన్నాడు.

"చూపించరా!"

తువ్వాలు తనే లాగేసింది. వాడు పిడికిళ్ళు బిగించాడు. చిన్నప్పుడు మట్టి తిన్నవాడి వేళ్ళు విప్పినట్టు ఒక్కొక్కటే విప్పింది. పది వేళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

చన్‌పెంగ్ ఆ చేతులు పట్టుకుని వెలుతురులోకి లాగింది. తొమ్మిది గోళ్ళ మీద చీర అంచు దిద్దినట్టు రంగు, వెంట్రుకవాసి పక్కకి పోలేదు. పదో గోరు, కుడిచేతి చూపుడువేలు, కోడి కాలితో కెలికినట్టుంది. సగం రంగు చర్మం మీదే.

"ఇదిగో, చూడు," అంది కోడలితో. అంత కోపంలోనూ దాని గొంతులో ఎక్కడో గర్వం. "యాభై ఏళ్ళు మగ్గం మీద పువ్వులు దించిన చేతులివి. నా పని ఇలా ఉంటుందటే? గుడ్డిదాన్ని అను, గయ్యాళిదాన్ని అను, ఇది నా పని అనకు."

బువాలై ఆ గోటిని చూసింది. తర్వాత వాడి ఎడమచెయ్యి చూసింది. ఎడమచేతి బొటనవేలి పక్కన, సీసా మూత తిప్పినచోట, ఎర్రటి మచ్చ.

కుడిచేతి గోటికి ఎడమచేత్తో రంగు వేసుకోవాల్సిన అవసరం లోకంలో ఒక్కడికే ఉంటుంది.

"నువ్వా?" అంది.

ప్రయూన్ వేళ్ళు మళ్ళీ మడుచుకున్నాడు.

"నేను క్లిప్పు తగిలించి గిన్నెలు కడగడానికి కిందికి దిగినప్పుడు, అది తీసి రంగు పూసి మళ్ళీ పెట్టుకున్నావా?"

తలూపాడు.

"తెల్లారగట్ట చీకట్లో క్లిప్పు తీస్తుంటే అందుకా పిడికిలి బిగించావు? నేను బస్సులో ఆ పెట్టెని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెలిసీ పంపించావు."

"కాగితం రాకపోతే జబ్బు లేనట్టే బువా," అన్నాడు. "లేదని నేను ఊరిపెద్దకి చెప్పుకుంటాను."

"బండి కోసమా? పదకొండుమంది పిల్లలయ్యా!"

"బండి కోసం కాదు."

"మరి?"

"నీ కోసం."

ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది.

"నాలుగేళ్ళుగా సారా అంగడి దగ్గర నేను చెప్పేది ఒక్కటే మాట," అన్నాడు వాడు, నేల వైపు చూస్తూ. "బువాలై పక్కన పడుకుంటున్నాను, ఏనుగులా ఉన్నాను, చూడండి అని. అందరి నోళ్ళూ మూయించింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు నిద్రలో నా ఊపిరి ఆగుతోందని ఆసుపత్రి ముద్ర వేసి కాగితం ఇస్తే? ఎవరు ఆపుతున్నారంటారు? అమ్మ ఇందాక ఏమందో విన్నావుగా. కన్నతల్లే అంటే ఊరు ఊరుకుంటుందా?"

చన్‌పెంగ్ వాడి చేతులు వదిలేసింది.

నేనైతే ఆ మాటకి కరిగిపోయాను. ముసలితనం, ఊరికే కళ్ళు చెమ్మగిల్లుతాయి. బువాలై కరగలేదు. మొహం ఇంకా బిగిసింది.

"నా పేరు కాపాడడానికి చస్తావా?"

"చావనులే."

"నన్ను రెండోసారి విధవని చేసి, నా పరువు నిలబెడతావా? ఎవరడిగారయ్యా నిన్ను? దెయ్యమంటే అననీ! పదేళ్ళుగా అంటున్నారు, నా ఒంటికేం బొబ్బలు రాలేదు. నాకు కావాల్సింది పేరు కాదు, పొద్దున లేచి తలుపు తీసే మొగుడు. అంతే. ఇంత లావు మెడ పెట్టుకుని ఆ చిన్న సంగతి బుర్రకెక్కలేదా నీకు?"

"బువా..."

"మాట్లాడకు. మెలకువగా ఉన్నన్నాళ్ళూ మంచివాడివే నువ్వు. నాతో కాపరం చేసేది నిద్రపోయేవాడు. వాడితోనే నా యుద్ధం."

మడతపెట్టిన గొట్టం వాడి ఒళ్ళోకి విసిరి గేటు వైపు నడిచింది. గేటుకి వేలాడుతున్న ఎర్రచొక్కా అడ్డొస్తే లాగి కింద పడేసి వెళ్ళిపోయింది.

"ఎక్కడికే?" అని అరిచింది అత్త.

ముగ్గురం మిగిలాం. నేను రోట్లో చూశాను. పచ్చడిలో గాజుపెంకు మెరుస్తోంది. గంపెడు జిగురన్నం ఆరిపోతోంది. ఎవరూ తినేట్టు లేరు.

"మావా," అన్నాడు ప్రయూన్ కాసేపటికి, "సోమవారం తాళం..."

మాట పూర్తి కాలేదు. తల వెనక్కి వాలింది. పెళ్ళాం ఇల్లు విడిచిపోయి పట్టుమని పది నిమిషాలు కాలేదు, నిద్ర వచ్చి మనిషిని గోనె కప్పినట్టు కప్పేసింది. నోరు తెరుచుకుంది. గురక మొదలైంది. ఊయల తాళ్ళు కిర్రుమంటున్నాయి.

చన్‌పెంగ్ రంగు మడుగులోంచి నూలుండ తీసి తుడుస్తోంది.

గురక ఆగింది.

నాకు అలవాటు కదా, నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఒకటి, రెండు అని వేళ్ళు మడవబోయి, ఏం చేస్తున్నానో తెలిసి చెయ్యి చూసుకుని దించేశాను. కానీ లోపల లెక్క ఆగలేదు. పది. పన్నెండు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. పదిహేను.

"అన్నయ్యా," అంది చన్‌పెంగ్.

"ఊఁ."

"వాడు ఊపిరి తీయట్లేదు."

"తెలుస్తోంది."

దాని కళ్ళు గేటు మీదికి పోయాయి. గేటు బార్లా తెరిచి ఉంది. రోడ్డు తెల్లగా, ఖాళీగా, ఎండలో కాగుతోంది. కోడలు కనుచూపుమేరలో లేదు. మళ్ళీ కొడుకు ఛాతీ వైపు చూసింది. ఊపిరి నొక్కడానికి అక్కడ ఏ దెయ్యమూ ఎక్కి కూర్చుని లేదు. పట్టపగలు, ఒక ఈగ తప్ప ఏమీ లేదు.

ఇరవై రెండు. పెదాలు వంకాయ రంగు తిరుగుతున్నాయి.

"లేపు అన్నయ్యా! ఎవరూ లేరు కదా ఇక్కడ, ఎవరూ లేరు కదా!"

భుజం పట్టి ఊపబోయేలోగా వాడే ఎగిరిపడ్డాడు. ఖర్రుమని ఒక ఊపిరి, నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా. కళ్ళు తెరవలేదు. మళ్ళీ గురక.

అది నవ్వొచ్చే చప్పుడే. నేను పెళ్ళిళ్ళలో చేసేది సరిగ్గా అదే చప్పుడు.

చన్‌పెంగ్ మెట్లెక్కి పైకెళ్ళి కోడలి గుడ్డముక్క, రంగు తుడిచే మందు తెచ్చింది. ఊయల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ పదో గోరు పట్టుకుంది. ఒకటే రుద్దడం. తొందరలో మందు సగం కింద ఒలికింది. మా చెల్లెలి చేతుల్లోంచి ఏదైనా ఒలకడం నేను చూడ్డం కూడా అదే మొదలు.

"ఇవాళే తీసుకెళ్దాం," అంది. "ఇంకో ఆసుపత్రికి. ఎక్కడికైనా. నాలుగు నెలలు నేను ఆగను. ఆ పిల్లని వెనక్కి పిలు అన్నయ్యా. నువ్వు పిలిస్తే వస్తుంది. నేను ఏ మొహంతో..."

అప్పుడే ఊరి నడిమి స్తంభం మీద మైకు గరగరమంది. ఊరిపెద్ద పొద్దుటి వార్తలు చదివే మైకు. మధ్యాహ్నం మోగిందంటే ఎవరో పోయి ఉండాలి, లేదా గేదె తప్పిపోయి ఉండాలి.

"అందరూ వినండి," అంది బువాలై గొంతు.

చన్‌పెంగ్ చేతిలో గుడ్డముక్క జారింది.

"నేను బువాలైని. ముందు సుథిన్ పెళ్ళాన్ని, ఇప్పుడు ప్రయూన్ పెళ్ళాన్ని. మీరు గేట్లకి చొక్కాలు కట్టింది ఎవరికి భయపడో నాకు తెలుసు. నేనిక్కడే ఉన్నాను, ఊరిపెద్దగారింట్లో, చొక్కాలు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. సోమవారం ప్రయూన్ బండి తీయడు. నిద్రలో ఆయన గొంతు మూసుకుని ఊపిరి ఆగిపోతోంది. దానికి మందుంది, మిషనుంది. అది వచ్చేదాకా మీ పిల్లల్ని మీరే దింపుకోండి. ఇంకోటి. మీ పక్కన పడుకున్నవాడి గురక మధ్యలో ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతుంటే, పగలు కూర్చున్నచోట కునుకు తీస్తుంటే, రంగు సీసా పారేసి ఆరోగ్య కేంద్రానికి పదండి. సిగ్గుపడకండి."

ప్రయూన్ లేచి కూర్చున్నాడు. తానెక్కడున్నాడో తెలియని చూపు.

"అమ్మా, అది బువా గొంతు కదూ?"

మైకులో ఎవరో మగమనిషి 'చాలమ్మా, చాలు' అంటున్నట్టు వినిపించింది. బువాలై గొంతు ఇంకా పెద్దదైంది.

"ఇంకొక్క మాట. సుథిన్ పోయిన రాత్రి నేను నిద్రలో ఉన్నానని అందరికీ చెప్పాను. అబద్ధం చెప్పాను. నేను మేలుకునే ఉన్నాను. మూడు రాత్రులుగా ఆ గురకతో నాకు కంటి మీద కునుకు లేదు. అప్పుడు గురక ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. వింటున్నారా? హమ్మయ్య, ఆగింది, ఇంక నిద్ర పడుతుందనుకుని అటు తిరిగి..."

టక్కుమంది. మైకు ఆగిపోయింది.

కట్టేశారో, కరెంటు పోయిందో, తనే ఆపేసిందో తెలియదు. చన్‌పెంగ్ ఉత్తకాళ్ళతో రోడ్డు మీదికి పరిగెత్తింది. కోడలి నోరు మూయించడానికో, పక్కన నిలబడడానికో దాని వీపు చూస్తే నాకు అర్థం కాలేదు. ప్రయూన్ నా నడుం దగ్గరికి చెయ్యి చాపాడు. "తాళం ఇవ్వు మావా. నడిస్తే ఆలస్యమవుతుంది." ఆ చేతి వేళ్ళలో ఒకటి తెల్లగా ఉంది. నేను తాళాన్ని పిడికిట్లో బిగించాను.

ఊరంతా చప్పుడు లేదు. ప్రతి ఇంటి కిందా మనుషులు ముద్ద చేత్తో పట్టుకుని, స్తంభం వైపు మొహాలెత్తి, తర్వాతి మాట వస్తుందా రాదా అని చూస్తున్నారు.

నా వేళ్ళు వాటంతటవే మడుచుకుంటున్నాయి. పది. పదకొండు.